కొనకముందే తోలనిస్తారేటి?

ఈ సంక్రాంతికి విజయనగరం వెళ్ళినప్పుడు పెట్టుకున్న పని ఒక్కటే, కొత్త బండి కొనడం. బీటెక్ రెండో ఏడులో సెకండ్ హ్యాండులో తీసుకున్న నా పల్సర్ బోరుకొచ్చేసింది. మెకానిక్ దాన్ని విప్పి చూసి, "బాబూ, దీనికెట్టే డబ్బులు దాచుకుంటే కొత్త బండికి డౌన్ పేమెంటు అయిపోద్ది" అని తేల్చేశాడు. సరే, సాఫ్టువేరు వాళ్ళం కదా, ముందుగా ఒక ఎక్సెల్ షీటు తయారైంది. అయిదు బళ్ళు, పద్నాలుగు కాలమ్స్. మైలేజీ, బరువు, సీటు ఎత్తు, సర్వీసు ఖర్చు.. అలా అన్నమాట. పండగ అయ్యాక ఒక్కో షోరూముకి వెళ్ళి ఒక్కోటీ తోలి చూసి, చివరి కాలమ్ నింపాలని ప్లాను.

ఈ ప్లాను మా నాన్నకి చెప్తే ఆయన పేపరు దించి, "కొనకముందే తోలనిస్తారేటి?" అన్నారు.

వెటకారమేమో అనుకున్నా. కాదు, నిజంగానే అడిగారు. ముప్పై ఏళ్ళకి పైగా హీరో హోండా సీడీ100 తోలిన మనిషి. పాలకొండ దగ్గర పల్లెటూరి బడిలో మాస్టారుగా చేసినన్నాళ్ళూ దాని మీదే తిరిగారు. కానీ కొనకముందు ఒక బండిని తోలి చూడటమన్నది ఆయన జీవితంలో ఎప్పుడూ జరగలేదు. 1991లో ఆ సీడీ100కి ఆయన మొదటి కిక్కు కొట్టింది మొత్తం డబ్బులు కట్టేసి, కొబ్బరికాయ కొట్టించాకే.

"నచ్చకపోతే ఏం చేద్దామనుకున్నారు నాన్నా?" అనడిగా.

"బండి నచ్చిందా అని ఎవడడిగాడ్రా? బండి వచ్చిందా అని అడిగేవారు."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ వారమంతా నేను బళ్ళు తోలుతూనే ఉన్నా గానీ, నిజంగా చేసింది ఆ మాట వెనకాల తిరగడమే. తిరిగిన కొద్దీ నాకు అర్థమైంది ఏంటంటే, మన ఇళ్ళల్లో ఏ కాలంలో ఏ బండి ఉండేదో నిర్ణయించింది మనం కాదు. ఢిల్లీలో ఎవరో రాసిన ఒక లైను. ఇప్పుడు కూడా ఆ లైను ఉంది, కాకపోతే మనకి కనపడదు.

మొదటి లైను 1951 నాటి పరిశ్రమల చట్టం. ఏ ఫ్యాక్టరీ ఏ వస్తువు చెయ్యాలో, ఏడాదికి ఎన్ని చెయ్యాలో లైసెన్సులో రాసి ఉండేది. గిరాకీ ఉంది కదా అని ఎక్కువ చేస్తే కుదరదు. సర్వర్ కెపాసిటీ వెయ్యి రిక్వెస్టులే, లక్ష వచ్చినా పెంచకూడదు అని రూలు పెడితే ఏమవుతుంది? క్యూ పెరుగుతుంది. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. దాని కోసం పదేళ్ళు కూడా ఎదురు చూసిన వాళ్ళున్నారు. మా అమ్మ వైపు చిన్న తాతయ్య పెళ్ళికి ముందు స్కూటర్ బుక్ చేస్తే, అది వచ్చేసరికి రెండో పిల్లాడు బళ్ళో చేరాడని ఇప్పటికీ మా ఇంట్లో నవ్వుకుంటారు. విదేశీ మారకంలో డబ్బు కడితే క్యూ తప్పించి ఇచ్చేవారు, అందుకని గల్ఫులోనో అమెరికాలోనో చుట్టం ఉన్న వాడికి ఆ రోజుల్లో ఉండే విలువే వేరు. ఇక వచ్చిన స్కూటర్ని అప్పటికప్పుడు కొన్న ధర కంటే ఎక్కువకి అమ్ముకున్న వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

ఈ కరువులో రాష్ట్రాలు కూడా దిగాయి. లక్నోలోని స్కూటర్స్ ఇండియా ఇటలీ నుంచి లాంబ్రెటా ఫ్యాక్టరీని తెచ్చుకుని, రాష్ట్రాల కంపెనీలకి సరుకిస్తే వాళ్ళు సొంత పేర్లతో అమ్మేవారు. మనకొచ్చింది ఆల్విన్ పుష్పక్. ఫ్రిజ్జులు, బస్సు బాడీలు, వాచీలు చేసిన ఆ హైదరాబాద్ ఆల్విన్ పేరే. అందులో బాగా నడిచినవి వాచీలనుకోండి.

మోటారు సైకిళ్ళ సంగతి ఇంకా సులువు. పాతికేళ్ళ పాటు చెప్పుకోదగ్గవి మూడే. బుల్లెట్, రాజ్‌దూత్, జావా. కోలా కొట్లో మూడు సీసాలున్నట్టు.

నా టెస్ట్ రైడ్లు మొదలైంది కూడా షోరూములో కాదు, బొబ్బిలిలో మా మావయ్య పెరట్లో ఉన్న పాత బుల్లెట్ మీద. కొత్త బుల్లెట్ తోలే ముందు పాతది తెలియాలి కదా అని ఒక సాకు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులో రెడిచ్ అనే ఊరిది. 1950లలో మన ప్రభుత్వం సరిహద్దుల్లో గస్తీ కోసం 350 సీసీ బుల్లెట్లు కావాలని ఆర్డరిచ్చింది. ఆ ఊపులో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. ముందు విడిభాగాలు తెచ్చి బిగించేవారు, తర్వాత ఇక్కడే తయారు చెయ్యడం మొదలెట్టారు. ఆ ఇంగ్లండు కంపెనీ 1970 నాటికి మూతపడిపోయింది. ఇక్కడ మాత్రం అదే డిజైను బతికింది. వెండర్ మూసేసినా మనం ప్రొడక్షన్లో నడిపిస్తూ పోయే లెగసీ కోడు లాగ! పోటీ లేదు, దిగుమతి లేదు, మార్చాల్సిన అవసరం రాలేదు. ఏళ్ళ తరబడి అదే 346 సీసీ ఇంజను.

దాన్ని స్టార్ట్ చెయ్యడమే ఒక కోర్సు. తాళం తిప్పాలి. ట్యాంకు ముందున్న ఆమీటర్ ముల్లు చూస్తూ కిక్కుని మెల్లగా నొక్కాలి. ముల్లు మధ్యకి వచ్చాక ఎడం చేతి దగ్గరున్న చిన్న డీకంప్రెషన్ లివర్ పట్టి, పిస్టన్‌ని ఇంకొంచెం దాటించి, వదిలేసి, అప్పుడు గట్టిగా కొట్టాలి. వరస తప్పితే కిక్కు ఎదురు తంతుంది. మా మావయ్య మోకాలు చిప్ప మీద మచ్చ దాని సంతకమే. అసలు గొడవ ఆ తర్వాత. గేరు కుడి కాలికి, బ్రేకు ఎడం కాలికి. గేరు కూడా ఒకటి పైకి, మూడు కిందకి. గేటు దాటగానే మేకపిల్ల అడ్డొచ్చింది. నా కుడి కాలు అలవాటు కొద్దీ బ్రేకని నొక్కింది. పడింది ఇంకో గేరు. మేకపిల్ల తెలివైంది కాబట్టి బతికింది.

ఎన్‌ఫీల్డ్ వాళ్ళు ఈ గేరుని ఎడమకి మార్చేసరికి 2000లు వచ్చేశాయి. అప్పటికి దేశంలో దాదాపు మిగతా బళ్ళన్నీ ఎడమ గేరువే. ఒక తరానికి తరం కాళ్ళు రెండు రకాలుగా తయారయ్యాయన్నమాట. మా మావయ్య ఇప్పటికీ వేరే బండి ఇస్తే ముందు రెండు కాళ్ళకేసీ ఓసారి చూసుకుంటారు.

బుల్లెట్ అప్పట్లో అందరి బండీ కాదు. మా వైపు పోలీసులదీ, రైసు మిల్లు షావుకార్లదీ, భూములున్న వాళ్ళదీ. మా నాన్న చిన్నతనం 1967-70 నాటి శ్రీకాకుళం గిరిజన పోరాటం రోజుల్లో గడిచింది. సాయంత్రం పూట ఊరి బయట ఆ డబడబ చప్పుడు వినిపిస్తే అరుగుల మీద మాటలు ఆగిపోయేవని చెప్తారు. వచ్చింది ధాన్యం బేరగాడే అయినా సరే. ఇప్పుడు అదే చప్పుడు మీద 2021లో బుల్లెట్టు బండి పాట వచ్చి పెళ్ళికూతుళ్ళు డ్యాన్సులేస్తుంటే ఆయనకి కొంచెం వింతగానే ఉంటుంది.

జావా అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది వేరు, నాకూ అంతే. ఈ జావా చెకోస్లొవేకియాది, జానెచెక్, వాండరర్ అన్న రెండు పేర్లలోంచి తీసిన పేరు. మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు 1960ల మొదట్లో తయారీ మొదలెట్టారు. 1970లలో పేరు యెజ్డీగా మారింది, ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. దాన్లో నాకు నచ్చే సంగతి, గేరు లివరూ కిక్కూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్కు. ఒకే ఫంక్షన్‌కి రెండు పనులు అప్పజెప్పిన ప్రోగ్రామర్ ఎవరో గానీ దండం పెట్టాలి. రాజ్‌దూత్ పోలండు వాళ్ళ డిజైను, 175 సీసీ, పాల క్యాన్లకి పెట్టింది పేరు. దాని గురించి అంతకంటే చెప్పుకునేది లేదు, అది ఫిర్యాదు చెయ్యని బండి.

జావా, రాజ్‌దూత్ రెండూ టూ స్ట్రోక్. అంటే పెట్రోల్లో ఆయిలు కొలిచి కలపాలి. మర్చిపోతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ. రాజాం నుంచి పాలకొండ మధ్య ఏ కిళ్ళీ కొట్లోనో సీసాల్లో అమ్మే పెట్రోలు కొట్టించుకుంటే అందులో ఏ పాళ్ళలో ఏముందో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు రెండో లైను. 1980ల మొదట్లో ప్రభుత్వం, విదేశీ కంపెనీలతో కలిసి బళ్ళు చేసుకోవచ్చు, కానీ 100 సీసీ వరకే అంది. అంతే. ఆ ఒక్క అంకెతో మన దేశపు రోడ్ల మీద బండి సైజు ఖరారైపోయింది. 1984లో ఇండ్-సుజుకీ ఏఎక్స్100, 1985లో హీరో హోండా సీడీ100, అదే ఏడాది యమహా ఆర్ఎక్స్100, 1986లో కవాసాకీ బజాజ్ కేబీ100. పేర్లలోనే నూరు, నూరు, నూరు. జపాన్ వాళ్ళు ప్రపంచానికి ఎంతెంత బళ్ళు చేస్తున్నా మన గుమ్మం ఎత్తు నూరు సీసీ కాబట్టి తల వంచుకుని అంతలోనే దూరారు.

నాలుగింటిలో మూడు టూ స్ట్రోక్. సీడీ100 ఒక్కటే ఫోర్ స్ట్రోక్. తేడా ఏంటంటే, టూ స్ట్రోక్ ఇంజన్లో పిస్టన్ ఒకసారి పైకీ కిందకీ వెళ్ళొస్తే ఒక పేలుడు, ఫోర్ స్ట్రోక్‌లో రెండుసార్లు వెళ్ళొస్తే ఒకటి. అందుకే అదే నూరు సీసీలో ఆర్ఎక్స్100 కి 11 హార్స్‌పవర్, సీడీకి ఏడు పైచిలుకు. కానీ టూ స్ట్రోక్‌లో పొగ పోయే దారీ, కొత్త పెట్రోలు వచ్చే దారీ కొంతసేపు కలిసే తెరుచుకుని ఉంటాయి. కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్లోంచి బయటికి పోతుంది. సీడీలో ఆ దుబారా లేదు, ఆయిలు కలపక్కర్లేదు. లీటరుకి 80 అని వాళ్ళ ప్రకటన.

కాలేజీ కుర్రాళ్ళు ఆర్ఎక్స్ అన్నారు. 2018లో దాని పేరుతో ఏకంగా సినిమా వచ్చి ఆడిందంటే ఆ మోజు ఎంతటిదో చూడండి. జీతం మీద బతికే మాస్టార్లు, గ్రామసేవకులు, ఎల్ఐసీ ఏజెంట్లు సీడీ అన్నారు. మా నాన్న లెక్క చాలా చిన్నది. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి, నెలకి ఇన్ని లీటర్లు, దాచుకున్నది ఇంత. ఆ దాచుకున్న దాన్లోంచే నా ఫీజులు కట్టారు. నేను ఎక్సెల్లో మైలేజీ కాలమ్‌కి తక్కువ మార్కులు పెట్టినప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదని సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నా.

మర్నాడు స్ప్లెండర్ ప్లస్ తోలాను, నాన్న బలవంతం మీద. స్ప్లెండర్ పుట్టింది 1994లో. దాని ఇంజను 97.2 సీసీ, సీడీ100ది కూడా సరిగ్గా అంతే. ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది, సెల్ఫ్ వచ్చింది, హీరో, హోండా 2010 డిసెంబర్లో విడిపోవడానికి ఒప్పుకున్నాయి, కంపెనీ పేరు మరుసటి ఏడాది మారింది. లోపలి కొలత మాత్రం 1985ది. గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో మూడో గేర్లో నడిచేలా నడిచింది. ఎక్కడా ఏ తప్పూ లేదు. నాకు ఏమాత్రం సరదా వెయ్యలేదు.

తర్వాత పల్సర్ 150. ఇది నా పాత బండికి తమ్ముడే కాబట్టి తోలడం కంటే గుర్తు చేసుకోవడమే ఎక్కువైంది. 2001 చివర్లో పల్సర్ వచ్చేనాటికి లైసెన్సుల గోల పదేళ్ళ పాత మాట. ఇంకో సంగతి కూడా కలిసొచ్చింది. అప్పుడే మా జిల్లాల మీదుగా పోయే మద్రాసు-కలకత్తా హైవేని నాలుగు లైన్లు చెయ్యడం మొదలెట్టారు. అప్పటి ఎన్‌హెచ్ 5, ఇప్పటి ఎన్‌హెచ్ 16. రెండు లైన్ల రోడ్డు మీద లారీ వెనకాల వెళ్ళడానికి నూరు సీసీ చాలు. నాలుగు లైన్ల మీద నాతవలస దగ్గర ఎక్కి రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం పోవాలంటే వెనకాల నుంచి వచ్చే వాటి వేగమే వేరు. రోడ్డు మారితే బండి మారుతుంది.

ఆ తర్వాత వచ్చిన లైన్లన్నీ పొగ గురించీ, బ్రేకుల గురించీ. 1996, 2000ల్లో బిగించిన పొగ నిబంధనలతో టూ స్ట్రోక్‌ల రోజులు దగ్గరపడ్డాయి. 2017 మార్చి 29న సుప్రీం కోర్టు, ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 3 బళ్ళు అమ్మకూడదని చెప్పడంతో ఆఖరి రెండు రోజులు షోరూముల్లో డిస్కౌంట్ల జాతర జరిగింది. మా వీధిలో అవసరం లేని వాళ్ళు కూడా కొన్నారు. 2019 నుంచి 125 సీసీ దాటితే ఏబీఎస్ తప్పనిసరి, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6. ఇవి మంచివే, వాటి మీద నాకు పేచీ లేదు. ఇసక పడిన పాలకొండ రోడ్డు మీద ఒకసారి జారిన వాడెవడైనా ఏబీఎస్‌కి దండం పెడతాడు.

నా మనసు పడింది అయిదో దాని మీద, ట్రయంఫ్ స్పీడ్ 400. 2023లో బజాజ్ వాళ్ళు ఇక్కడే చేసి అమ్మడం మొదలెట్టారు. 398 సీసీ, 40 హార్స్‌పవర్ దాకా. షోరూమోడు ఇచ్చిన పదిహేను నిమిషాల్లో పన్నెండు నిమిషాలు నవ్వుతూనే ఉన్నా. కానీ ఇక్కడ ఇంకో లైను. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బళ్ళ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటితే 40 శాతం. నలభై ఏళ్ళ కింద నూరు దగ్గర గీసిన గీత ఇప్పుడు మూడొందల యాభై దగ్గరుంది. 349 సీసీ హంటర్‌కీ 398 సీసీ ట్రయంఫ్‌కీ మధ్య 49 సీసీలు, పన్నులో ఇరవై రెండు శాతాలు. మా నాన్నకి బండి కేటాయించేవారు, నాకు శ్లాబు కేటాయిస్తున్నారు. అప్పటి కంటే ఇప్పుడు ఎంతో నయం, కాదనను. కానీ ఎక్సెల్లో పద్నాలుగు కాలమ్స్ పెట్టి నేనే ఎంచుకుంటున్నానని మురిసిపోయిన వాణ్ణి కాబట్టి కొంచెం గాలి పోయింది.

మిగిలిన గాలి మా నాన్న తీశారు. "ఇవన్నీ ఒక్కడివే తోలి చూస్తన్నావు. నువ్వు హైదరాబాదెళ్ళిపోతే ఈ బండి ఎవరు తోల్తారు? ఎనకాల ఎవరు కూచుంటారు?"

షీటులో ఆ కాలమే లేదు! నేను నెలకోసారి వస్తా. మిగతా రోజులు బండి ఆయనదే. 195 కిలోల కొత్త బుల్లెట్‌ని సెంటర్ స్టాండు వెయ్యడం ఆయన నడుముతో అయ్యే పని కాదు. వెనక మా అమ్మ కూర్చోవాలి. వెనక కూర్చునేవాళ్ళకి పట్టుకునే కమ్మీ, కాళ్ళు పెట్టుకునే చోటు, చీర చక్రంలో పడకుండా గార్డు ఉండాలని 1989 నాటి మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన ఉంది. టెస్ట్ రైడ్ ఇచ్చేవాళ్ళకి మాత్రం వెనక సీటు గుర్తుండదు. పోనీ సీడీ100నే ఉంచేద్దామా అంటే దాని ఆర్సీ రెన్యువల్ దగ్గరపడింది. పదిహేనేళ్ళు దాటిన బైకుకి 300 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్లో 1000 అయింది, ఇరవై ఏళ్ళు దాటిన వాటికి 2025 ఆగస్టులో 2000 చేశారు. ఫీజు కట్టొచ్చు, ఫిట్‌నెస్ ఎవరిస్తారు? ఇంకో లైను.

అలా హంటర్ 350 షోరూముకి ఇద్దరం వెళ్ళాం. 181 కిలోలు, బుల్లెట్ కంటే సీటు కాస్త కిందకి. ముందు నేను తోలి, ఆయన్ని వెనకాల కూర్చోబెట్టుకుని తోలి చూశా. గతుకుల్లో కొంచెం ఎత్తేస్తోందన్నారు. తిరిగొచ్చాక అక్కడి కుర్రాడు, "మాస్టారూ, మీరూ ఓ రౌండు వేస్తారా?" అన్నాడు.

ఆయన నాకేసి చూశారు. "నేను కొనట్లేదు కదా బాబూ."

"పర్లేదండీ, లైసెన్సుంటే చాలు."

ప్యాంటు జేబులోంచి లైసెన్సు తీసి ఇచ్చారు. తాళం తిప్పి, అలవాటు కొద్దీ కుడి కాలితో కిక్కు కోసం వెతికారు. లేదు. కుర్రాడు బటను చూపించాడు. మెల్లగా గేటు దాటి వెళ్ళారు. పదిహేను నిమిషాలయింది. ఇరవై అయింది. కుర్రాడు గేటు దాకా వెళ్ళి వచ్చాడు. నేను ఫోను చేశా, ఎత్తలేదు. ముప్పై అయిదు నిమిషాలకి వచ్చారు. హెల్మెట్ తీసి, జుట్టు సవరించుకుని, బండికి సైడు స్టాండు వేసి తాళం కుర్రాడికిచ్చారు.

"ఎక్కడికెళ్ళిపోయారు నాన్నా?"

"కోట చుట్టూ తిరిగి మూడు లాంతర్ల దాకా ఎళ్ళొచ్చాను" అని, కుర్రాడు వినకుండా కొంచెం గొంతు తగ్గించి, "పెట్రోలు ఆళ్ళదే కదేటి" అన్నారు.